ఖల్లివల్లి కూలీ చౌక కాదు. మరి ఎందుకు పిలుస్తారు?

అడిగినాయన రాసింది ఇది. బావమరిది విజిట్ వీసా మీద యూఏఈలోని అజ్మాన్ వెళ్ళాడు. గడువు దాటి 14 నెలలైంది. రోజుకు 100 దిర్హాములకు బిల్డింగ్ పనులకు పోతున్నాడు. "కంపెనీ వీసా మీద వచ్చినోళ్ళ కంటే నాకే ఎక్కువ పడుతుంది" అని ఫోన్లో ధైర్యంగా చెప్తున్నాడట. కాగితాల్లేనివాణ్ణి పెట్టుకుంటే లక్షల్లో జరిమానా అని అక్కడి ప్రభుత్వమే చెప్తుంటే, తెలిసి తెలిసి ఎందుకు పెట్టుకుంటారు, చౌక కూలీ అనేనా అన్నది ప్రశ్న. బావమరిదిని ఉండమనాలా, రమ్మనాలా అన్నది రెండోది.

నేను 2003 నుంచి 2019 వరకు షార్జాలో ఒక బిల్డింగ్ కాంట్రాక్టు కంపెనీలో ఉన్నాను. మొదట టైమ్‌కీపర్ని, తర్వాత లెక్కలు చూశాను. మాది మెట్‌పల్లి దగ్గర పల్లె. కంపెనీ పేరు చెప్పను. కింద రాసిన తప్పుడు వోచర్లలో కొన్ని నా చేతిరాతే.

తెలియనివాళ్ళ కోసం ఒక మాట. 'ఖల్లీ వల్లీ' అంటే అరబ్బులు మాటవరసకు అనే 'పోనీలే, వదిలేయ్'. మన జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల వాళ్ళ నోట్లో అదే కాగితాల్లేని మనిషికి పేరైపోయింది. వాళ్ళంతా ఒక రకం కాదు. విజిట్ మీద వచ్చి ఉండిపోయినవాడున్నాడు, కంపెనీ నుంచి బయటపడితే 'పారిపోయాడు' అని కేసు పెట్టించుకున్నవాడున్నాడు. మధ్యలో ఆజాద్ వీసా వాడున్నాడు. అతనికి అకామా, అంటే అక్కడ ఉండే అనుమతి కార్డు ఉంటుంది, అందులో ఒక ఖఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని పేరుంటుంది. ఆ ఖఫీల్‌కి ఏటా ఇంత అని కట్టి బయట ఎక్కడ దొరికితే అక్కడ పని చేసుకుంటాడు. కాగితం అసలుదే, పని మాత్రం దొంగది. బయటివాళ్ళు సక్రమం, అక్రమం అని గీత గీసి మాట్లాడతారు గానీ, నేను చూసిన మనుషుల్లో చాలామంది ఆ గీత మీదే నిలబడి ఉండేవాళ్ళు.

ఇక లెక్క. 2006లో మా కంపెనీలో ఒక హెల్పర్ జీతం నెలకు 600 దిర్హాములు. అతని మీద కంపెనీకి అయ్యే ఖర్చు అంతే అనుకుంటారు చాలామంది. నేను ఒకసారి ముదీర్ (మేనేజరు) అడిగితే కూర్చుని లెక్క కట్టాను. వీసా, లేబర్ కార్డు, మెడికల్ ఖర్చు మూడేళ్ళకు పంచితే నెలకు 150 పడింది. క్యాంపులో మంచం, నీళ్ళు, కరెంటు కలిపి 175. బస్సు 60. సెలవు జీతం, టికెట్టు కలిపి 90. గ్రాట్యుటీ, అంటే మొదటి ఐదేళ్ళలో ఏడాదికి 21 రోజుల బేసిక్ లెక్కన, 35. మొత్తం 1,110. నెలకు 26 పని దినాలనుకుంటే రోజుకు 43 దిర్హాములు.

అదే రోజుల్లో బయట ఖల్లివల్లి హెల్పర్‌కి 60 ఇచ్చేవాళ్ళం. మనుషుల్ని పోగేసి తెచ్చే మేస్త్రీకి తలకు ఇంకో 10. మొత్తం 70.

అంటే కాగితాల్లేనివాడు కాగితాలున్నవాడి కంటే రోజుకు 27 దిర్హాములు ఎక్కువ పడ్డాడు. నేను తప్పు లెక్క వేశానని ముదీర్ కాగితం తిప్పి తిప్పి చూశాడు. తర్వాత ఆయనే నవ్వి, "రోజులు లెక్కపెట్టావు, నెలలు లెక్కపెట్టు" అన్నాడు.

నెలల లెక్క ఇలా ఉంటుంది. మాది విల్లాలు కట్టే చిన్న కంపెనీ. పర్మనెంటుగా ముప్పై మంది చాలు. కానీ స్లాబ్ పడే రోజు, షట్టరింగ్ విప్పే రోజు, బ్లాకులు దించే రోజు ఇంకో 18 మంది కావాలి. నెలకు అలాంటివి ఐదు రోజులు. 18 మంది, ఐదు రోజులు, 70 చొప్పున 6,300 దిర్హాములు. అదే పద్దెనిమిది మందిని కంపెనీ వీసా మీద పెట్టుకుంటే నెలకు 19,980. పైగా అప్పట్లో మనిషికి 3,000 చొప్పున లేబర్ శాఖకు బ్యాంకు గ్యారంటీ పెట్టాలి. అంటే ఇంకో 54,000 కదలకుండా కూర్చుంటుంది. (ఆ గ్యారంటీ బదులు ఇన్సూరెన్స్ పెట్టుకోవచ్చన్నది 2018లో వచ్చింది.) ఇంత చేసినా అడిగినన్ని వీసాలు ఇస్తారా అంటే అదీ లేదు, ఎంతమందికి కోటా అన్నది ఆఫీసు చూసి నిర్ణయిస్తుంది. స్లాబ్ మాత్రం కోటా కోసం ఆగదు.

అందుకే చౌక కూలీ అన్న మాట నాకు నచ్చదు. వాళ్ళకు చౌకగా దొరికేది పని లేని రోజు. కంపెనీ మనిషికి పని లేకపోయినా మంచం, జీతం నడుస్తాయి. ఖల్లివల్లి పని లేని రోజు ఖర్చును తనే మోస్తాడు. జ్వరమొచ్చినా తనే, చెయ్యి విరిగినా తనే.

2008 చివర్లో ఇది కళ్ళారా చూశాను. దుబాయ్‌లో డబ్బు ఆగిపోయింది, క్రేన్లు ఎక్కడివక్కడ నిలబడ్డాయి. మా కంపెనీ కొంతమందిని ఇంటికి పంపింది. టికెట్లు, గ్రాట్యుటీ, బకాయిలు కలిపితే ఆ నెల లెక్కల పుస్తకం చూడలేకపోయాం. బయటివాళ్ళ మీద అయిన ఖర్చు సున్నా. మేస్త్రీకి ఫోన్ చెయ్యడం మానేశాం, అంతే. ఆయన రోజూ పొద్దున చేసి "సాబ్, పనుందా" అని అడిగేవాడు. కొన్నాళ్ళకు ఆ ఫోనూ ఆగింది.

వోచర్ల సంగతి చెప్తానన్నాను కదా. 70 దిర్హాములు ఇచ్చాం, పుస్తకంలో ఏమని రాయాలి? పేరు రాయలేం. 'బ్లాక్ అన్‌లోడింగ్ ఛార్జీలు' అని రాసేవాణ్ణి. ఇసుక, వాటర్ ట్యాంకర్, డీజిల్ అని కూడా రాసేవాణ్ణి. ఒక నెలలో మేం కట్టిన చిన్న విల్లాకు ఎన్ని ట్యాంకర్ల నీళ్ళు పోశామో చూసి ఆడిటర్ "ఈత కొలను కడుతున్నారా" అన్నాడు. 2009లో జీతాలు బ్యాంకు ద్వారానే ఇవ్వాలన్న పద్ధతి వచ్చింది. కంపెనీ మనుషులకు అది మంచే చేసింది, కాకపోతే బయటి కూలి ఇంకా లోతుకు పోయింది. 2018 జనవరిలో 5 శాతం వ్యాట్ వచ్చాక ప్రతి ఖర్చుకూ సరైన బిల్లు కావాల్సి వచ్చింది. అప్పుడు మేమే ఒక లేబర్ సప్లై కంపెనీ దగ్గర బిల్లు తీసుకోవడం మొదలుపెట్టాం. వాళ్ళు ఎవర్ని పంపిస్తారో మేం అడగం. వాళ్ళు చెప్పరు. బిల్లు మాత్రం శుభ్రంగా ఉంటుంది.

ఇప్పుడు రెండో వైపు. మనవాడు కంపెనీ వదిలి ఎందుకు బయటపడతాడు? తెలివి తక్కువై కాదు. అతని లెక్క కూడా నేను కట్టిచ్చాను.

మా పక్క మండలం నుంచి ఒకాయన 2006లో కంపెనీ వీసా మీద వచ్చాడు. ఏజెంటుకు 90,000 కట్టాడు, నూటికి మూడు రూపాయల మిత్తికి తెచ్చి. నెలకు మిత్తే 2,700. అప్పుడు దిర్హాము దగ్గర దగ్గర 12 రూపాయలు, కాబట్టి 225 దిర్హాములు. జీతం 600లో తిండికి 175, సబ్బు, ఫోన్ కార్డు వగైరాకు 50 పోతే 375 మిగులుతుంది. మిత్తి పోతే 150. ఇంటికి 1,800 రూపాయలు. మూడేళ్ళ కాంట్రాక్టు ముగిసేసరికి 97,200 మిత్తి కట్టి ఉంటాడు, అసలు 90,000 ఒక్క రూపాయి తగ్గదు. బయటకు వెళ్తే నెలకు 22 రోజులు పని దొరికినా 1,320. మంచానికి 200, తిండికి 200, పికప్‌కి 60 పోను 860. మిత్తి తీస్తే 635. ఏడాదిలో అసలు మొత్తం తీరిపోతుంది, ఇంటికి ఏమీ పంపకపోతే.

"కంపెనీల ఉంటే మిత్తికే సరిపోతది అన్నా. బయటికి పోతే అసలు తీర్తది" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. ఓ శుక్రవారం షార్జాలోనే రోలా బజారుకు వెళ్ళొస్తానని చెప్పి వెళ్ళాడు, మళ్ళీ క్యాంపుకు రాలేదు. శనివారం టైమ్‌షీట్‌లో ఆయన పేరు ఎదురుగా అడ్డగీత పెట్టింది నేనే. మూడు నెలల తర్వాత మా సైట్‌కే మేస్త్రీ పికప్‌లో వచ్చాడు. పేరు లేని మనిషిగా, అదే స్లాబ్ మీద, 60 దిర్హాములకు. ఫోర్‌మన్ చూసి చూడనట్టు ఊరుకున్నాడు.

ఒకే మనిషి, ఒకే పార, కాగితం ఉంటే రోజుకు 23 దిర్హాములు, లేకపోతే 60. ఎలా? కాగితం ఉన్నవాడు ఇంకో యజమాని దగ్గరికి పోలేడు కాబట్టి. ఖఫీల్ పద్ధతిలో వీసా అంటే కట్టుకొయ్య. అడిగేవాడు ఒక్కడే అయినప్పుడు వాడు చెప్పిందే ధర. కాగితం పారేసినవాడికి కనీసం నలుగురు మేస్త్రీల ఫోన్ నంబర్లు ఉంటాయి. ఇది నా ఊహ మాత్రమే కాదు. 2011 జనవరి నుంచి యూఏఈలో, కాంట్రాక్టు పూర్తయినవాళ్ళు పాత యజమాని అనుమతి లేకుండానే వేరే కంపెనీలో చేరొచ్చని రూలు మార్చారు. ముగ్గురు ఆర్థికవేత్తలు జీతాల చెల్లింపు రికార్డులు తీసి చూశారు. కాంట్రాక్టు ముగిసినవాళ్ళ సంపాదన 10 శాతానికి పైగా పెరిగింది, దేశం వదిలి వెళ్ళిపోయేవాళ్ళు తగ్గారు. చాలామంది వేరే కంపెనీకి మారను కూడా లేదు. మారగలరని తెలియడంతోనే పాత యజమాని జీతం పెంచాడు. ఆ తర్వాత ఖతర్ 2020లో ఆ అనుమతి కాగితాన్ని ఎత్తేసింది, 2021 మార్చి నుంచి 1,000 రియాళ్ళ కనీస వేతనం పెట్టింది. సౌదీ కూడా 2021 మార్చిలో కొంత వదులు చేసింది. వదులైన చోటల్లా ఖల్లివల్లి అవ్వాల్సిన అవసరం కొంత తగ్గింది, పూర్తిగా పోలేదు. అప్పు అలాగే ఉంది కదా.

ఇక్కడిదాకా చదివి మీ బావమరిది చెప్పింది నిజమే అనుకుంటున్నారేమో. 2006లో మా ఆసామి విషయంలో చాలావరకు నిజం. మీ బావమరిది విషయంలో కాదు. ఇదీ లెక్కే.

ఇప్పుడు యూఏఈలో గడువు దాటి ఉన్నందుకు జరిమానా రోజుకు 50 దిర్హాములు. విజిట్ అయినా రెసిడెన్సీ అయినా 2022 నుంచి ఒకటే రేటు. రోజుకు అంటే పని దొరికిన రోజుకు కాదు, క్యాలెండర్ రోజుకు. నెలకు 1,500. ఆయన కూలి 100 అన్నారు. నెలకు 20 రోజులు దొరికితే 2,000. అజ్మాన్‌లో మంచానికి 450, తిండికి 400, రాకపోకలకు 100 వేయండి. 1,050 మిగులుతుంది. చేతికి 1,050 వస్తుంటే తల మీద 1,500 ఎక్కుతోంది. ప్రతి నెలా 450 దిర్హాములు నష్టంలో పని చేస్తున్నాడు, ఆ సంగతి ఆయనకు తెలియదు, ఎందుకంటే ఆ 1,500 ఎవరూ వచ్చి అడగడం లేదు. ఏడాదికి 18,250 దిర్హాములు. ఇవాళ్టి రేటులో 4 లక్షల 20 వేల రూపాయలకు తక్కువ కాదు. 14 నెలలకు 21 వేల దిర్హాములు దాటింది.

ఎవరూ అడగని అప్పు కాబట్టి అప్పులా అనిపించదు. అది ఎప్పటికైనా మాఫీ అవుతుందన్న నమ్మకం మీదే ఈ కూలి మార్కెట్టంతా నడుస్తుంది. యూఏఈలో 2007లో క్షమాభిక్ష పెట్టారు, 2012 డిసెంబరులో మొదలై రెండు నెలలు మళ్ళీ, 2018లో మళ్ళీ, 2024లో సెప్టెంబరు 1 నుంచి డిసెంబరు 31 వరకు మళ్ళీ. ప్రతిసారీ జరిమానాలు మాఫీ చేసి పంపారు. 2024లో అయితే తిరిగి రావద్దన్న ముద్ర కూడా వెయ్యలేదు. పేదవాడికి అది నిజంగా ఉపకారమే, కాదనను. కానీ లెక్కలు రాసినవాడిగా నాకు ఇంకొకటి కనిపిస్తుంది. జరిమానా మాఫీ అవుతుందని తెలియబట్టే మనవాడు 100 దిర్హాములకు ఒప్పుకుంటున్నాడు. రోజుకు 50 ఖాయంగా కట్టాల్సిందే అని ముందే తెలిస్తే (నెల జరిమానా 1,500ను 20 పని రోజులకు పంచితే రోజుకు 75) 175కి తక్కువైతే రాననేవాడు, లేదా ఇంటికే పోయేవాడు. కాబట్టి మాఫీలో సగం కూలివాడికి పోయిందనుకుంటే, మిగతా సగం ఇన్నేళ్ళు తక్కువకు పని చేయించుకున్నవాడి జేబులోకి ముందే పోయింది.

ఆ క్షమాభిక్షలకు ముందు కూడా పని ఇచ్చేవాళ్ళు తెలివిగా ఉంటారు. 2007లో చూశాను. ప్రకటన రాగానే మేస్త్రీలు కూలి బకాయిలు ఆపేశారు. ఎలాగూ వెళ్ళిపోతారు, గడువు లోపల ఔట్‌పాస్ (దేశం వదిలి వెళ్ళడానికి ఇచ్చే కాగితం) తీసుకుని విమానం ఎక్కాలి, కూర్చుని కొట్లాడే టైమెక్కడిది? లైన్లో నిలబడ్డవాళ్ళలో నాకు తెలిసిన పదకొండు మందికి ఎవరో ఒకరు బాకీ ఉన్నారు.

బాకీ అంటే గుర్తొచ్చింది. సిరిసిల్ల వైపు ఆయన, ప్లాస్టరింగ్ మంచి పనిమంతుడు, 37 రోజులు ఒక విల్లాలో చేశాడు. డబ్బులిచ్చే రోజు మేస్త్రీ ఫోన్ ఆఫ్. నెలన్నర తర్వాత నేనూ ఆయనా చాయ్ తాగుతుంటే అదే దుకాణానికి ఆ మేస్త్రీ వచ్చాడు. ఈయన లేచి అడిగాడు. అతను భుజం తట్టి "ఖల్లీ వల్లీ, యార్" అన్నాడు. వదిలేయ్ అని. ఈయన ఏమీ అనలేదు, మెల్లగా గ్లాసు పెట్టి, దుకాణం వాడికి మేస్త్రీని చూపించి వచ్చేశాడు. మొత్తం కూలిలో వసూలైంది ఆ చాయ్ అర దిర్హాము. లేబర్ ఆఫీసుకు వెళ్దామన్నాను. "ముందు నా వీసా అడుగుతరు" అన్నాడు.

ఇక పైన ఎవరు తింటారు అన్నది. మేస్త్రీ కనిపిస్తాడు కాబట్టి తిట్టేది ఆయన్నే. కానీ ఆయనది తలకు పది దిర్హాముల బతుకు, రిస్కు కూడా ఆయనదే. కూర్చుని తినేది వీసా అమ్మేవాడు. తన లైసెన్సు మీద నాలుగు వీసాలు తీయించి, పని లేకపోయినా అమ్మే ఖఫీల్, ఆ వీసాను మూడు చేతులు మార్చి మన దాకా తెచ్చే ఏజెంట్లు. మన చట్టం ప్రకారం లైసెన్సున్న ఏజెంటు తీసుకోవాల్సింది 30,000 రూపాయల దాకానే, పైన జీఎస్టీ. ఆ రేటుకు గల్ఫ్ వెళ్ళినవాణ్ణి నేను ఇంతవరకు కలవలేదు. మిత్తి ఇచ్చేవాడు మన ఊళ్ళోనే ఉంటాడు, పెళ్ళికి పిలుస్తాం, ముందు వరసలో కూర్చోబెడతాం.

సౌదీ లెక్క ఇంకా విచిత్రం. అక్కడ స్థానికుల కంటే బయటివాళ్ళు ఎక్కువున్న కంపెనీ, ఒక్కో విదేశీ ఉద్యోగి మీద నెలకు కట్టే ఫీజు 2018లో 400 రియాళ్ళు, 2019లో 600, 2020 నుంచి 800. ఫ్యాక్టరీలకు, బాగా చిన్న దుకాణాలకు మినహాయింపులున్నాయి. మిగతావాళ్ళకు ఏడాదికి 9,600. నెలకు 1,200 జీతం ఉన్న మనిషి మీద ఎనిమిది నెలల జీతమంత ఫీజు. స్థానికులకు ఉద్యోగాలు రావాలని పెట్టారు, ఆ ఉద్దేశం తప్పని అనలేను. కానీ ఆజాద్ వీసా వాళ్ళ దగ్గర ఖఫీల్ ఆ 9,600 వాళ్ళనే కట్టమన్నాడు. కట్టలేనివాడి అకామా రెన్యువల్ కాలేదు. నిన్నటిదాకా కాగితం ఉన్నవాడు, ఏ తప్పూ చెయ్యకుండా, ఒక ఫీజు వల్ల ఖల్లివల్లి అయ్యాడు. 2017లో అదే సౌదీ 'ఉల్లంఘనలు లేని దేశం' అని 90 రోజుల క్షమాభిక్ష పెట్టి పాతవాళ్ళను పంపించింది. ఒక చేత్తో ఖాళీ చేస్తూ ఇంకో చేత్తో నింపారు.

జరిమానా పెంచితే పెట్టుకోవడం మానేస్తారా? యూఏఈలో 2024 ఆగస్టు చివర నుంచి, పర్మిట్ లేనివాణ్ణి పనిలో పెట్టుకుంటే లక్ష నుంచి పది లక్షల దిర్హాముల దాకా వేయొచ్చు. అంతకు ముందు యాభై వేలతో మొదలయ్యేది. పెద్ద కంపెనీలు దీనికి నిజంగా భయపడతాయి, గేటు దగ్గర పాస్ లేనిదే పురుగును కూడా పోనివ్వరు. పని మాత్రం ఆగదు, ఒక మెట్టు కిందికి జారుతుంది. మెయిన్ కాంట్రాక్టరు సబ్‌కి ఇస్తాడు, సబ్ ఇంకొకడికి, చివర ఉన్నవాడి పేరు మీద లైసెన్సు కూడా ఉండదు. పది లక్షలు ఎవరి దగ్గర వసూలు చేస్తారు? రిస్కు పెరిగినకొద్దీ ఆ చివరివాడు తన కమీషన్ పెంచుతాడు, అది కూలివాడి వాటాలోంచే పోతుంది. ఇప్పుడు అక్కడున్న మావాళ్ళు చెప్పేది, తలకు పది ఇచ్చే చోట పాతిక అడుగుతున్నారని.

కువైట్ సంగతి నాకు దగ్గరగా తెలియదు గానీ, కడప, రాయచోటి, గోదావరి జిల్లాల ఆడవాళ్ళ గురించి చెప్పకుండా ఇది పూర్తి కాదు. ఇంటి పని వీసా అక్కడ 20వ నంబరు, కంపెనీ వీసా 18. ఇరవై మీద వెళ్ళినామెను ఆ ఇంటివాళ్ళు ఏజెన్సీకి వందల దినార్లు కట్టి తెచ్చుకుంటారు. కట్టాం కాబట్టి మాదే అన్న ధోరణి. రాత్రి పన్నెండు దాటినా పనే. బయటపడినామె ఫర్వానియాలోనో జిలీబ్‌లోనో నలుగురితో గది తీసుకుని గంటల లెక్కన నాలుగిళ్ళల్లో చేసుకుంటుంది. గంటకు ఎంతో తనే చెప్తుంది, శుక్రవారం తనది. అదే పని, అదే గరిట. పనికి పిలిచే ఇంటివాళ్ళకు కూడా సుఖం, వీసా అక్కర్లేదు, గది ఇవ్వక్కర్లేదు, వారానికి రెండు పూటలు చాలు. 2024 జూలై నుంచి సెప్టెంబరు దాకా రెండు నెలలు ఇరవై నుంచి పద్దెనిమిదికి మార్చుకోనిచ్చారు. కానీ దానికి పాత యజమాని ఒప్పుకోవాలి, పారిపోయి వచ్చినామెకు ఆ దారి ఎక్కడిది?

అమెరికాలో స్టూడెంట్ వీసా మీద గ్యాస్ స్టేషన్లో క్యాష్‌కి చేసే మన పిల్లల గురించి ఇక్కడే ఇంకొకరు అడిగారు. పోలిక కొంతవరకే. అక్కడ 1986 చట్టం ప్రకారం యజమాని 'తెలిసి' పెట్టుకున్నా, కాగితాలు చూడకుండా పెట్టుకున్నా తప్పు, కాబట్టి ఏదో ఒక కాగితం చూపిస్తే కళ్ళు మూసుకుంటాడు. గడువు దాటినంత మాత్రాన రోజువారీ జరిమానా మీటరు తిరగదు. దాని గురించి అక్కడ బతికినవాళ్ళు రాస్తే బాగుంటుంది.

ఇప్పుడు మీ బావమరిది. రమ్మనండి. వచ్చే క్షమాభిక్ష కోసం ఉంటానంటాడు, అందరూ అదే అంటారు. పైన సంవత్సరాలు చూడండి, రెండింటి మధ్య ఐదారేళ్ళు. ఆ లోపల మేడ మీంచి పడితే ఇన్సూరెన్స్ ఉండదు. మన ప్రభుత్వం ఇచ్చే ప్రవాసీ భారతీయ బీమా పది లక్షలు కూడా ఎమిగ్రేషన్ క్లియరెన్స్ మీద వెళ్ళినవాళ్ళకే, విజిట్ మీద వెళ్ళినవాడికి వర్తించదు.

జరిమానా 21 వేలు చూసి బెదిరిపోవద్దు. దుబాయ్‌లోని మన కాన్సులేటుకు, అక్కడి ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రానికి ఫోన్ చేయించండి. తగ్గించమని అర్జీ పెట్టుకునే వీలుంటుంది, ఒప్పుకుంటారని నేను మాట ఇవ్వలేను. ఏజెంటు కంపెనీ వీసా అని చెప్పి విజిట్ మీద పంపి ఉంటే ఆ రసీదులు, వాట్సాప్ మాటలు, పైసలు పంపిన కాగితాలు దాచండి. మోసపోయినవాడని తేలితే ఇండియన్ కమ్యూనిటీ వెల్ఫేర్ ఫండ్ నుంచి టికెట్టు, కొన్ని సందర్భాల్లో చిన్న జరిమానాలు కూడా కడతారు. ఇక్కడి పోలీస్ స్టేషన్లో ఏజెంటు మీద ఫిర్యాదు కూడా పెట్టండి. పక్క ఊరివాడే కదా అని మొహమాటపడొద్దు, ఆయన మొహమాటపడలేదు. మళ్ళీ వెళ్ళాలనుకుంటే విదేశాలకు పనికి పంపే ప్రభుత్వ సంస్థలు, తెలంగాణలో టామ్‌కామ్, ఆంధ్రలో ఓంక్యాప్ ఉన్నాయి. నిదానమే, కానీ అక్కడ లక్షన్నర అడగరు.

చేసిన పనికి రావాల్సిన కూలి ఏమైనా ఉంటే రమ్మన్న సంగతి మేస్త్రీకి తెలియకముందే వసూలు చేసుకోమనండి. వెళ్ళిపోతున్నాడని తెలిస్తే ఇవ్వడు. ముందు మీరు ఒక్కటి కనుక్కుని ఇక్కడ రాయండి: పాస్‌పోర్ట్ ఆయన చేతిలో ఉందా, ఏజెంటు దగ్గర ఉందా? చేతిలో ఉంటే ఒక దారి, లేకపోతే ఔట్‌పాస్ దారి. రెండింటికీ పట్టే రోజులు వేరు, ఆ రోజులకు కూడా యాభై లెక్కన పడుతూనే ఉంటుంది.